బండి యేల లాగదు?

పాత మోటారుబండ్లు గలవారి నోట తఱచుగా వినవచ్చు ఫిర్యాదు "పికప్పు లేదు" అనునది. కాలు నొక్కిన వెంటనే బండి ముందునకు సాగవలయును, సాగదు. ఒక క్షణ మాలోచించి, బలవంతముమీద బడికి బయలుదేరిన పిల్లవానివలె మెల్లగా కదలును. ఈ మాట చెవిని బడినంతనే పదిమంది పది మందులు చెప్పుదురు. ప్లగ్గులు మార్పింపుమని యొకరు, పెట్రోలులో కల్తీ యున్నదని యొకరు, క్లచ్చు ప్లేట్లు అరిగినవని యొకరు, బండి ముసలిదైనది గనుక వచ్చిన వెలకు అమ్మివేయుమని యింకొకరు. వీరిలో బానెట్టు ఎత్తి లోపల చూచినవారు ఒక్కరును ఉండరు. నాలుక చూడక, నాడి పట్టక, మందుపొట్లము చేతిలో పెట్టు వైద్యుని చూచి మనము నవ్వుదుము. యంత్రముల విషయమున మనలో పెక్కుండ్రు అట్టి వైద్యులే.

ఇందువలన ధనము వ్యర్థమగుట యొక నష్టము. అది చిన్న నష్టము. యంత్రములోని దోషమును వెదకుటకు శ్రమపడనివారు ఆ దోషమునకు బాధ్యుడుగా ఒక మనుష్యుని వెదకుదురు. మనుష్యుడు సులభముగా దొరకును; వానిని విప్పి చూడవలసిన పని యుండదు. నేను చెప్పదలచినది ఈ రెండవ నష్టమును గుఱించి. అయితే మొదటిది బోధపడనిదే రెండవది బోధపడదు గనుక చదువరులు నాతోకూడ కొంతసేపు ఇంజనుచమురు వాసన భరింపవలసియున్నది.

మా పెదనాన్నగారు తెనాలిలో చాలకాలము ప్లీడరుగా నుండి విశ్రాంతి గైకొన్నవారు. వారికి 1986లో కొన్న అంబాసడరు కారొకటి కలదు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్సుఫర్డు కారు నమూనాపై, హుగ్లీనది యొడ్డున ఉత్తరపారాలో, 1950వ దశకము చివర మొదలై 2014 వఱకు తయారైన జాతి యది. చట్టప్రకారము పదునైదేండ్లు నిండిన పిదప ఐదేండ్ల కొకమాఱు రిజిస్ట్రేషను మరల చేయించుచు పెదనాన్నగారు దానిని నిలుపుకొనుచు వచ్చిరి. దానిని ఇరువదినాలుగేండ్లు ఒక్కడే డ్రైవరు తోలెను. ఇంటి పిల్లల మందఱమును ఆయనను "మావయ్యా" అని పిలుచువారము. నాకు సైకిలు నేర్పినదియు, బడికి ఆలస్యమైననాడు ఇంట తెలియకుండ దింపి వచ్చినదియు ఆయనయే.

2024వ సంవత్సరపు వానకాలమున కారు మందగించినది. ఆ సంగతి మొదట చెప్పినవాడు డ్రైవరే. "అయ్యగారూ, తొక్కగానే బండి ఒక్క క్షణం ఆలోచిస్తోందండి. పెట్రోలు కూడా ఎక్కువ తాగుతోంది" అని ఆయన మనవి చేసికొనెను. ఈ రెండు వాక్యములలో మొదటిది ఇంటివారి చెవులలో నిలువలేదు. రెండవది మాత్రము నిలిచినది. లీటరుకు పది కిలోమీటర్లు నడచిన కారు ఎనిమిదికి దిగినదనగా మిగిలిన పెట్రోలు ఎక్కడికి పోవుచున్నది? ఈ ప్రశ్నకు ఇంటిలో నొక యుత్తరము సిద్ధముగా నుండెను. ఆ యుత్తరమును ఎవరును నోటితో పలుకలేదు. బంకు రసీదులు అడిగిరి. సాయంకాలమున మీటరు అంకెలు వ్రాసిపెట్టు పని మనుమనికి అప్పగించిరి. అరువదేండ్లు నిండిన మనిషి తన యెదుట పండ్రెండేండ్ల పిల్లవాడు కాగితము పట్టుకొని కారు తలుపు తీసి అంకెలు వ్రాసికొనుచుండగా ప్రక్కన నిలుచుండెను. ఒకనాడు మరల బండి సంగతి ఎత్తగా పెదనాన్నగారు "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికొకడు" అనిరి. అరుగుమీద నున్న నలుగురు పెద్దమనుష్యులును నవ్విరి.

ఆ మాసములోనే మంగళగిరియొద్ద పదునాఱవ నంబరు జాతీయ రహదారి నెక్కు చోట ఒక లారీ మీదికి వచ్చినది. కావలసినంత సందు చూచుకొనియే డ్రైవరు కాలు నొక్కెను. బండి ఆలోచించినది. లారీవాడు ప్రక్కకు కోయబట్టి వెనుక సీటులోని మా పెద్దమ్మగారు క్షేమముగా ఇల్లు చేరిరి. ఆ రాత్రి ఇంటిలో జరిగిన విచారణయందు ఇంజను పేరెత్తినవారు లేరు. "కాలు ముసలిదైంది" అని యొకరును, "కునికి ఉంటాడు" అని యింకొకరును తీర్మానించిరి. మఱునాడు ఉదయమున తాళములు బల్లమీద నుండెను; మనిషి లేడు.

న్యాయస్థానమున సాక్ష్యము లేని మాటను ఒక్కదానిని సాగనీయని ప్లీడరుగారి యింట ఇది జరిగినది. విద్య మనుష్యుని ఒక గదిలో వివేకవంతునిగా జేసి ప్రక్కగదిలో విడిచిపెట్టునేమో యని నాకు అప్పుడప్పుడు తోచును. పెదనాన్నగారు దుర్మార్గులు గారు. చేతిపని చేయువాని మాట సాక్ష్యముగా చెల్లదను నమ్మకమొకటి మన మధ్యతరగతి యిండ్లలో తరతరములుగా నున్నది. పుస్తకములో నున్నది జ్ఞానము, అరిచేతిలో నున్నది అలవాటు అని విభజించి, రెండవదానికి నెలజీత మిచ్చి ఊరకుందుము.

డ్రైవరు పోయినను బండి బాగుపడలేదు. దానిని ఒక షెడ్డుకు పంపిరి. అక్కడివారు నాలుగు వీధులు తిప్పి "ఇంజను బోరుకొచ్చింది, నలభై అయిదు వేలవుతుంది" అనిరట. ఇంజను బోరుకు వచ్చినదా లేదా తెలిసికొనుటకు సిలిండరులోని ఒత్తిడిని కొలుచు గేజి యున్నది. పది నిమిషముల పని. దానిని ఎవరును పెట్టి చూడలేదు. ఒకచోట మనిషిమీద పడిన నింద మఱియొకచోట ఇంజనుమీద పడెను. రెండింటి పద్ధతియు ఒకటే. అప్పుడు పెదనాన్నగారు, విజయవాడలో కళాశాలయందు భౌతికశాస్త్రము చెప్పుకొనుచున్న నన్ను పిలిపించి, కారును ఆటోనగరునకు తీసికొనిపోయి చూపింపుమనిరి.

విజయవాడ ఆటోనగరు నెఱుగనివారికి దానిని వర్ణించుట కష్టము. అది లారీలకు ఆసుపత్రియు, శ్మశానమును, ప్రసూతిగృహమును గూడ. ఒక వీధిలో బాడీ కట్టుదురు, ఒక వీధిలో పట్టాలు సాగగొట్టుదురు, ఒక వీధిలో విఱిగిన బండ్లను విప్పి మేకులతోసహా అమ్ముదురు. అందు ఒక మూల, రేకుల పాకలో, పెట్రోలు కార్లు మాత్రమే ముట్టుకొను ముదుసలి మేస్త్రీ యొకరు కలరని తెలిసి పోయితిని. ఆ సాయిబుగారు సామానుపెట్టె తీయలేదు. బీడీ ఆర్పి దూరముగా పాఱవైచి, ప్రశ్నలు మొదలుపెట్టెను.

"నిలబెట్టి రేసిస్తే ఎలా ఉంది బాబూ? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? మెల్లగా తొక్కినా ఆగుతోందా, ఒక్కసారిగా తొక్కితేనేనా? ఎత్తు మీద పూర్తిగా తొక్కితే లాగుతోందా?"

ఈ ప్రశ్నల విలువను గ్రహించుటకు బండి మర్మము కొంత తెలియవలయును. కాలికిని చక్రమునకును నడుమ పెద్ద త్రోవ కలదు. కాలు నొక్కిన పెడలు ఒక కడ్డీని గాని తీగను గాని లాగును. అది కార్బ్యురేటరులోని థ్రాటిలు పలకను త్రిప్పును. గాలి లోపలికి వచ్చును. గాలివెంట పెట్రోలు తుంపరలై వచ్చును. ఆ మిశ్రమము సిలిండరులో నొక్కబడును. తగిన క్షణమున ప్లగ్గు నిప్పురవ్వ వేయును. మంట పిస్టనును త్రోయును. ఆ త్రోపు క్లచ్చు, గేరు దాటి చక్రమునకు చేరును. చేరిన పిదపను బ్రేకు పట్టియుంచినచో చక్రము తిరుగదు. ఈ త్రోవలో ఎక్కడ ఆలస్యమైనను లోపల కూర్చున్నవానికి తెలియున దొక్కటే: బండి లాగుట లేదు. కావున మొదట చేయవలసినది మార్పు గాదు, విభజన. నిలిచియున్నప్పుడు ఇంజను చుఱుకుగా లేచి, నడచునప్పుడు మాత్రము బండి మందగించినచో దోషము క్లచ్చులోనో, బ్రేకులోనో, బరువు పడినప్పుడే బయటపడు లోపములోనో యుండవచ్చును. ఇంజను అఱపు పెరిగి బండి వేగము పెరుగకున్నచో క్లచ్చు జాఱుచున్నది. కొంతదూరము పోయి దిగి చక్రముల ప్రక్కన చేయి పెట్టగా ఒకటి కాలుచున్నచో బ్రేకు పట్టుకొన్నది. వీనికి కానియైన ఖర్చు కాదు.

సాయిబుగారి ప్రశ్నలకు ప్రత్యుత్తర మీయగలవాడు లోకమున నొక్కడే యుండెను. ఆయనకు అక్కడనుండియే ఫోను చేసితిని. డ్రైవరు మొదట పలుకలేదు. తరువాత, అడిగిన క్రమములోనే చెప్పుచు వచ్చెను: "పూర్తిగా తొక్కేస్తే బానే లాగుతుంది బాబూ, ఫ్లైఓవరు కూడా ఇబ్బంది లేకుండా ఎక్కుతుంది. సగం కాలు మీద సాఫుగా పోయేటప్పుడే మొద్దుగా ఉంటుంది. ఇహ ఉన్నట్టుండి తొక్కితే ఒక్క క్షణం ఆగి, దగ్గినట్టు చేసి, అప్పుడందుకుంటుంది. మెల్లగా తొక్కితే ఆ దగ్గు ఉండదు."

సాయిబుగారు తలయూచి యిట్లనెను. "సగం రోగం ఆయనే చెప్పేశాడు. ఇంజను పోయుంటే పూర్తిగా తొక్కినప్పుడే ముందు చతికిలబడాలి. పెట్రోలు అందకపోయినా అంతే. ఆడలేక మద్దెల ఓడంటారు గాని, బాబూ, మద్దెల ఓడైన రోజులూ ఉంటాయి."

పెదనాన్నగారి సామెత ఆయనకు నేను చెప్పలేదు. అది తెలుగుదేశమున పనిచేయు ప్రతివాడును ఎప్పుడో యొకప్పుడు పడిన మాటయే యగుటచే ఆయనకును తెలిసియుండును.

పిమ్మట పరీక్ష మొదలైనది. కుఱ్ఱవానిని లోపల కూర్చుండబెట్టి పెడలు అడుగువఱకు తొక్కించి, తాను పైన థ్రాటిలు పూర్తిగా తెఱచుకొనుచున్నదో లేదో చూచెను. కాలిక్రింది చాప మడతపడియో, కీళ్లు అరిగియో సగమే తెఱచుకొను బండ్లు లెక్కలేనన్ని యనియు, అట్టివారు ఇంజను విప్పించుకొన్న కథలు తనకు తెలియుననియు చెప్పెను. ఇక్కడ అది సరిగానే యుండెను. డిస్ట్రిబ్యూటరు మూత తీసి పాయింట్ల సందు కొలిచెను; 0.35 నుండి 0.40 మిల్లీమీటరు లోపల నుండవలసినది, ఉన్నది. అప్పుడు కార్బ్యురేటరు తలమీది చిన్న మూతను చేతివ్రేళ్లతో విప్పి, దానికి వ్రేలాడు సన్నని కడ్డీని పైకి తీసెను. కడ్డీ పొడిగా నుండెను.

మా కారున కున్నది యస్. యు. కార్బ్యురేటరు. ఆ రెండక్షరములు స్కిన్నర్ యూనియన్ అను మాటకు సంక్షేపము. ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో దీనిని కల్పించిన స్కిన్నరు సోదరులు ఇంగ్లండులో చెప్పుల వ్యాపారము చేయు కుటుంబమువారు. నేడు లోహపు పిస్టనున్న చోట మొదటి నమూనాలలో తోలుతిత్తి యుండెనట. తోలు తెలిసిన యింటివారికి తోలుతిత్తి తోచినది! మన దేశమున తోలు ముట్టినవానిని ఊరి వెలుపల నుంచి, ముట్టనివానికి శాస్త్రము చదివించితిమి. ఆ యిద్దఱును ఒక్క కప్పుక్రింద నుండినచో మన కొలుములలో ఎన్ని కార్బ్యురేటర్లు పుట్టియుండునో ఊహించుటయు కష్టమే.

దీని పని మిక్కిలి చక్కనిది. కాలు నొక్కగానే గాలి తత్‌క్షణమే ఉఱుకును. పెట్రోలు గాలికంటె ఎంతో బరువైనది గనుక వెనుకబడును. కొంత తుంపర గొట్టము గోడలకే అంటుకొని నిలిచిపోవును. అందుచే హఠాత్తుగా తొక్కినప్పుడు ఆ యొక్క క్షణము మిశ్రమము పలుచనై ఇంజను దగ్గును. ఈ లోపమును తీర్చుటకు ఇతర కార్బ్యురేటర్లలో తొక్కినప్పుడెల్ల అదనముగా పెట్రోలు చిమ్ము చిన్న పంపు నమర్చుదురు. యస్. యు.లో అట్టి పంపు లేదు. అందొక పిస్టను గాలి లాగుడునకు పైకి లేచుచు, తనకు గ్రుచ్చిన సూదిని జెట్టులోనుండి పైకెత్తి పెట్రోలును వదలును. ఆ పిస్టను నడిమి బోలులో చెంచాడు పలుచని నూనె పోయుదురు. హఠాత్తుగా తొక్కినప్పుడు ఆ నూనె పిస్టనును వెంటనే లేవనీయదు. పిస్టను లేచుట యాలస్యమైన యా క్షణమున జెట్టుమీద గాలి లాగుడు ఎక్కువై, కావలసిన పెట్రోలు అదనముగా వచ్చును. అనగా పిస్టను ఆలస్యము చేసిననే బండి ఆలస్యము చేయదు! నూనె యింకిపోయినచో పిస్టను త్వరపడును, బండి ఆలోచించును. మెల్లగా తొక్కినచో ఈ భేదము తెలియదు. డ్రైవరు చెప్పినది అక్షరాల ఇదియే. నేను తరగతిలో ద్రవముల స్నిగ్ధతను ఎన్నో యేండ్లుగా బోధించుచున్నాను. ఆ పాఠమునకు ఇంత మంచి యుదాహరణము ఏ పుస్తకములోను చూడలేదు.

సాయిబుగారు పిస్టనును వ్రేలితో ఎత్తి విడిచెను. అది "టక్" మని క్రిందికి వచ్చినది. ఎక్కడను పట్టుట లేదని అర్థము. అప్పుడు పలుచని నూనె పోసి మూత బిగించెను. చిక్కని నూనె పోయవచ్చునా యని యడిగితిని. "పోస్తే మరీ మెల్లగా లేస్తుంది, నల్లపొగ వస్తుంది. మంచిదే గదా అని ఎక్కువ చెయ్యకూడదు" అనెను.

దగ్గు పోయినది. కాని మొద్దుతనమును, పెట్రోలు లెక్కయు ఇంకను మిగిలియున్నవి. పెట్రోలు లెక్కయే డ్రైవరు మీది నేరము గనుక నాకు కావలసినది ఆ జవాబే. మంచి దొరకగానే పని ముగిసినదని లేచిపోవువారు మేస్త్రీలలోను, న్యాయవాదులలోను, సంస్కర్తలలోను గూడ కలరు, సాయిబుగారు లేవలేదు. కార్బ్యురేటరునుండి డిస్ట్రిబ్యూటరు ప్రక్కనున్న గుండ్రని డబ్బీకి పోవు సన్నని గొట్టమును ఊడదీసి, డబ్బీకి ఒక రబ్బరు ముక్క తగిలించి, దాని కొసను నోట పెట్టుకొని గాలి పీల్చెను. లోపల పాయింట్లున్న పలక కదలినది. నాలుకతో మూసి పట్టగా కదలిన పలక అట్లే నిలిచినది. డబ్బీలోని పొర చినుగలేదన్నమాట. అప్పుడు కారు గొట్టమును వంచి చూపెను. కొసన, క్లిప్పుక్రింద, వెంట్రుకంత చీలిక. తీసి చూచినగాని కనబడదు.

ఆ చీలిక పెట్రోలు నెట్లు త్రాగును? మిశ్రమము అంటుకొని కాలుటకు కొంత కాలము పట్టును. అందుచే పిస్టను పైకొసకు రాకమునుపే రవ్వ పడవలయును. సగము కాలుమీద పోవునప్పుడు సిలిండరులోనికి వచ్చు మిశ్రమము కొంచెమే. అది పలుచగా నుండి మెల్లగా కాలును. కావున రవ్వ ఇంకను ముందుగా పడవలయును. అట్లు సగము తెఱచిన థ్రాటిలు వెనుక గాలి లాగుడు బలముగా నుండును. ఆ లాగుడే గొట్టముగుండ వచ్చి డబ్బీలోని పొరను లాగి పాయింట్ల పలకను త్రిప్పి రవ్వను ముందునకు జరుపును. గొట్టము చీలినచో లాగుడు డబ్బీకి చేరదు, రవ్వ ఆలస్యమగును, మంటలో కొంత భాగము పిస్టనును త్రోయక వేడియై సైలెన్సరువెంట పోవును. బండి మొద్దుగా తోచుటచే తోలువాడు కాలు మఱికొంత నొక్కును. కాలు పూర్తిగా నొక్కినప్పుడు ఆ లాగుడే యుండదు గనుక, చీలిక యున్నను లేకున్నను భేదము లేదు. ఫ్లైఓవరు సునాయాసముగా ఎక్కును. లీటరుకు రెండు కిలోమీటర్ల పెట్రోలు దొంగతనము చేసిన దా చీలికయే. క్రొత్త గొట్టమునకు నలుబది రూపాయలైనవి. సాయిబుగారు తన కూలి మున్నూఱు పుచ్చుకొనెను.

ఒక్క పరుగుతో ఏదియు రుజువు కాదు. ట్యాంకు మూతి నిండ పోయించి తెనాలికి పోయి వచ్చి, అదే బంకులో మరల మూతివఱకు పోయించి, పట్టిన లీటర్లతో దూరమును భాగించితిని. ఇట్లు మూడుమాఱులు చేసితిని. మూడుమాఱులును పదికి కొంచెము హెచ్చుగా వచ్చినది.

క్రొత్త కార్ల యజమానులు ఇది ముసలి బండ్ల గొడవ యని అనుకొనవచ్చును. నేటి కార్లలో పెడలునకు తీగయే లేదు. పెడలు ఎంత నొక్కబడినదో ఒక సెన్సరు కంప్యూటరునకు తెలుపును. కంప్యూటరు ఆజ్ఞపై ఒక మోటారు థ్రాటిలును త్రిప్పును. దోషము కలిగినచో చిన్న పరికరమును తగిలించి దోషసంఖ్యను చదువుదురు. మంచిదే. కాని ఆ సంఖ్య ఏ మార్గమున తేడా కనబడినదో చెప్పును గాని ఎందువలనో చెప్పదు. వచ్చు గాలిని కొలుచు సెన్సరు పేరు తెరమీద కనబడగానే వేలు పోసి దానిని మార్చుదురు. అసలు సంగతి దాని వెనుక రబ్బరు గొట్టమున పడిన చీలిక కావచ్చును, థ్రాటిలు అంచున పేరుకొన్న మసి కావచ్చును. యంత్రము మాఱినది, చీలిక మాఱలేదు. పరికరము ఎంత గొప్పదైనను "మెల్లగా తొక్కినా ఆగుతోందా?" అని అడుగదు. ఆ ప్రశ్న మనిషి అడుగవలయును, జవాబు బండి నడుపువాడు చెప్పవలయును, అడిగినవాడు వినవలయును.

చీలిన గొట్టమును, మూడు రసీదులను పెదనాన్నగారి బల్లమీద పెట్టి జరిగినదంతయు విన్నవించితిని. వారు ఆ గొట్టమును చాలసేపు వంచి వంచి చూచిరి. ఏమియు అనలేదు. రెండు దినములైన పిమ్మట "వాడి ఊరు నీకు తెలుసు గదా, పద" అనిరి.

దుగ్గిరాల దాటిన పిదప ఒక పల్లెలో డ్రైవరు ఇల్లు. మమ్ము చూచి లేచి నిలుచుండి కుర్చీ వేసెను. పెదనాన్నగారు వానలను గుఱించి, పసుపు ధరను గుఱించి మాటాడిరి. క్షమింపుమను మాట మన పెద్దల నోట పుట్టదు. దానికి బదులు వారు ఆరోగ్యము విచారింతురు. మోకాళ్ల నొప్పులకు ఏ మందు వాడుచున్నావని కూడ అడిగిరి. డ్రైవరు అన్నిటికిని జవాబు చెప్పి, నా వైపు తిరిగి, "ఇంతకీ ఏమైంది బాబూ బండికి?" అని యడిగెను. నూనె సంగతియు, గొట్టము సంగతియు చెప్పితిని.

"తొక్కగానే ఆలోచిస్తోందని చెప్పానుగా" అనెను.

"చెప్పావు. నేను వినలేదు" అనిరి పెదనాన్నగారు.

డ్రైవరు మరల కొలువునకు రాలేదు. కుమారుడు పంపనన్నాడని ఆయన చెప్పెను గాని, తానే రాదలచుకొనలేదని నా యూహ. అది ఆయన హక్కు. బయలుదేరి వచ్చుచుండగా నేను పెదనాన్నగారితో ఒక్కమాట అంటిని: సామెత చెప్పినది నలుగురి యెదుట, "వినలేదు" అన్నది పల్లెలో, నా యొక్కని యెదుట. నవ్విన నలుగురికి ఈ గొట్టము సంగతి ఎవరు చెప్పవలయును? వారు కోపగించుకొనలేదు. తరువాతి వారములలో ఇద్దఱికి చెప్పిరని పెద్దమ్మగారివలన తెలిసినది. మూడవవారు హైదరాబాదున కుమార్తెయొద్ద నున్నారు. నాలుగవ ఆయనతో పెదనాన్నగారికి ఒక గట్టు తగవు కలదు. అక్కడ ఈ సంగతి ఎట్లు కదలునో చూడవలసియున్నది.

డ్రైవరు మాత్రము పండుగలకు ఫోను చేయుచు బండి కుశలము తప్పక అడుగును. ఈమధ్య ఆయన ఒక హెచ్చరిక చేసెను: "పెట్రోల్లో ఏదో కలుపుతున్నారంటగా, రబ్బరు సామాను చూసుకోండి." నిజమే. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలిపినారు. ఇథనాలు పెట్రోలుకంటె తక్కువ బలము గలది. లీటరునకు లీటరు పోల్చినచో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. కావున మైలేజి కొంత తగ్గుట సహజము, దానికి ఏ డ్రైవరును బాధ్యుడు గాడు. అంతేగాక అది తేమను పీల్చును. ట్యాంకు అడుగున ఏండ్ల తరబడి పేరుకొన్న మడ్డిని కదల్చి ఫిల్టరులోనికి తెచ్చును. దానికొఱకు చేయని పాత రబ్బరును ఉబ్బించును, పెళుసుగా చేయును. సాయిబుగారి నడుగగా ఆయనయు అదే చెప్పి, పెట్రోలు గొట్టములన్నియు, పంపులోని పొరయు ఈ యింధనమునకు తగినవిగా మార్చుకొమ్మనెను. గొట్టములు మార్పించితిమి. పంపు పొర ఆటోనగరులో దొరకినది గాని ఏ రబ్బరుతో చేసినదో అమ్మువాడు చెప్పలేకపోయెను. తెలిసినది దొరకువఱకు పాతదే యుంచి, పదునైదు దినముల కొకమాఱు పంపుక్రింద పెట్రోలు చెమ్మ యున్నదేమో చేతితో తడిమి చూచుచున్నాము.